పెరెజ్ ప్రాడో డాన్సరా, బ్యాండ్ లీడరా? క్యూబా దాటాకే ఆయనకు పేరెందుకొచ్చింది?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: పెళ్లి సంగీత్‌లో ‘మాంబో నంబర్ 5’ వేశారు. తర్వాత వెతికితే అది 1999లో లూ బేగా పాడిందనీ, దాని వెనకున్న ట్యూన్ 1949 నాటి క్యూబా సంగీతకారుడు పెరెజ్ ప్రాడోదనీ తెలిసింది. పాత వీడియోల్లో చూస్తే ఆయన బ్యాండ్ ముందు గెంతుతున్నాడు, కాళ్లు విసురుతున్నాడు, మధ్యమధ్య అరుస్తున్నాడు. ఇంతకీ ఈయన డాన్సరా, బ్యాండ్ లీడరా? మాంబో అనే ఈ క్యూబా డాన్స్ సంగీతాన్ని కనిపెట్టింది ఈయనేనా? క్యూబా మనిషికి మెక్సికోలో ఏం పని?

చివరి ప్రశ్నకు జవాబు దొరికితే మిగతా రెండూ వాటంతటవే విడిపోతాయి. నేను చాలా ఏళ్లు పెళ్లి బ్యాండ్లలోనూ, సినిమా పాటల ఆర్కెస్ట్రాలోనూ ట్రంపెట్ వాయించినవాణ్ణి. కాబట్టి నా జవాబు ట్రంపెట్ల వైపు కాస్త ఎక్కువ మొగ్గుతుంది, సర్దుకోండి.

దామాసో పెరెజ్ ప్రాడో 1916 డిసెంబర్ 11న మాతాన్సాస్‌లో పుట్టాడు. హవానాకు తూర్పున ఉన్న రేవు పట్నం అది. పేరు వినలేదు కదా అని తక్కువగా చూడకండి. క్యూబా సంగీతానికి అది పెద్ద పుట్టిల్లు. డాన్సోన్ అనే జంటనృత్య సంగీతం 1879లో మిగెల్ ఫాయిల్దే చేతిలో మొదలైంది అక్కడే. రుంబా డప్పులకూ ఆ ఊరే పెట్టింది పేరు. ప్రాడో తల్లి బడిపంతులమ్మ, తండ్రి పత్రికలో పనిచేసేవాడు. చిన్నప్పుడే పియానో పద్ధతిగా నేర్చుకున్నాడు, ఊళ్లో క్లబ్బుల్లో వాయించాడు, 1940ల మొదట్లో హవానా చేరాడు. అక్కడ కాసినో దె లా ప్లాయా అనే పేరున్న బ్యాండ్‌లో పియానో వాయిస్తూ అరేంజ్‌మెంట్లు, అంటే ఏ వాయిద్యం ఎక్కడ ఏం వాయించాలో, రాసేవాడు. ఆ బ్యాండ్ రికార్డుల్లో కాస్కరీతా అనే గాయకుడు హాయిగా పాడుకుంటూ పోతుంటే, వెనక ఒక పియానో మాత్రం పక్కపక్క స్వరాల్ని కలిపి గుద్దుతూ అల్లరి చేస్తుంటుంది. అది ప్రాడో చెయ్యి. ఒక్కసారి గుర్తుపడితే ఇక మరిచిపోరు.

హవానాలో ఆయనకు పని దొరికింది గానీ చోటు దొరకలేదు. అక్కడి డాన్స్ సంగీతం అప్పటికి గాయకుడి చుట్టూ తిరిగేది. ఈయనేమో ట్రంపెట్లను, సాక్సోఫోన్లను ముందుకు తోసి, పాటను వెనక్కి నెట్టే రాత రాస్తున్నాడు. ఇది అమెరికా జాజ్ పైత్యం అని ముఖం చిట్లించినవాళ్లు ఉన్నారు. వాళ్ల మాటలో అబద్ధం కూడా లేదు. స్టాన్ కెంటన్ లాంటి అమెరికన్ బ్యాండ్ల ఇత్తడి వాయిద్యాల గర్జన ఆయన చెవిలో బాగా నాటుకుపోయింది. విచిత్రం ఏమిటంటే, 1950లో అదే కెంటన్ బ్యాండ్ ప్రాడో పేరు పెట్టి ఒక రికార్డు చేసింది.

ఇప్పుడు ‘కనిపెట్టాడా’ అన్న సంగతి. నేనైతే ఆ మాట వాడను. 1938లో ఆంతోనియో అర్కాన్యో బ్యాండ్ కోసం ఒరెస్తెస్ లోపెస్ ‘మాంబో’ అనే పేరుతోనే ఒక డాన్సోన్ రాశాడు. ఆయన తమ్ముడు, బాస్ వాయించే కచావో, ఆ ప్రయోగంలో సగం భాగస్వామి. డాన్సోన్ నెమ్మదిగా, మర్యాదగా నడిచే సంగీతం. వాళ్లు చేసిందేమిటంటే, చివరి భాగంలో పగ్గాలు వదిలేసి, ఒక చిన్న పల్లవి ముక్కను పదేపదే తిప్పుతూ లయను రెచ్చగొట్టడం. అదే సమయంలో అంధుడైన ఆర్సేనియో రోద్రిగెస్ తన బృందంలో ట్రంపెట్లు పెంచి ఇంచుమించు అలాంటి పనే చేస్తున్నాడు. న్యూయార్క్‌లో మాచీతో బ్యాండ్ 1940 నుంచి, ఆయన బావ మారియో బౌసా సారథ్యంలో, క్యూబా లయనూ జాజ్‌నూ కలుపుతోంది. అంటే ప్రాడో వచ్చేసరికే పొయ్యి రాజుకుని ఉంది.

ఆయన చేసింది వేరే. ఆ చివరి భాగాన్ని, జనం అసలు దేనికోసం ఎదురుచూస్తారో ఆ భాగాన్ని, తెచ్చి మొదట్లోనే పెట్టాడు. మూడు నిమిషాల రికార్డంతా అదే. మర్యాదలు, పీఠికలు ఏవీ లేవు. పాట కూడా ఇంచుమించు లేదు. మాటలు లేవు కాబట్టి ఏ దేశంలోనూ అనువాదం అక్కర్లేదు. ఆయన కెరీర్ మొత్తం ఈ ఒక్క నిర్ణయం మీదే నడిచిందని నా అభిప్రాయం.

1948 ప్రాంతంలో మెక్సికో సిటీకి మారాడు. క్యూబా కళాకారులకు అప్పట్లో అది సహజమైన దారి. స్పానిష్ మాట్లాడే ప్రపంచానికి మెక్సికో సినిమా రాజధాని. అక్కడ తీసిన సినిమా అర్జెంటీనా నుంచి కరీబియన్ దాకా ఆడేది. నైట్ క్లబ్బు కథల సినిమాలు వరసగా వస్తున్న కాలం. ప్రతి దాంట్లో ఒక నాట్యగత్తె, ఆమె వెనక ఒక ఆర్కెస్ట్రా ఉండాల్సిందే. రేడియో బలంగా ఉంది, ఆర్‌సీఏ విక్టర్ మెక్సికో శాఖ రికార్డులు అచ్చేసి దేశదేశాలకు పంపుతోంది. హవానాలో ఎంత గొప్ప బ్యాండ్ అయినా ఊళ్లో బ్యాండే. మెక్సికోలో ఒక్క రికార్డు, ఒక్క సినిమా సీన్ తగిలితే ఖండమంతా వింటుంది.

తగిలింది. 1949లో ఆర్‌సీఏకు చేసిన ‘కే రీకో ఎల్ మాంబో’, ‘మాంబో నంబర్ 5’ ఒకే రికార్డుకు రెండు పక్కలుగా బయటికొచ్చాయి. మీరు పెళ్లిలో విన్నదాని తాతగారు ఆ రెండో పక్క. ఆ రోజుల్లోనే ఆయన బ్యాండ్‌తో పాడినవాడు బెనీ మోరే, క్యూబా కన్న గొప్ప గొంతుల్లో ఒకటి. మోరే 1945లోనే మెక్సికో వచ్చి ఉన్నాడు. ఇద్దరూ కలిసి చేసిన రికార్డులు తక్కువ కాలానివే అయినా, ప్రాడో సంగీతంలో గాయకుడికి నిజంగా చోటిచ్చింది అక్కడే. తర్వాత మోరే క్యూబా తిరిగి వెళ్లి సొంత బ్యాండ్ పెట్టి అక్కడే జనం గుండెల్లో నిలిచిపోయాడు. ప్రాడో వెళ్లలేదు. గొంతు మీద బతికేవాడికి సొంత జనం కావాలి. ట్రంపెట్ల మీద బతికేవాడు ఎక్కడైనా బతకగలడు.

ఆ ట్రంపెట్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వీడియోలో గంతులు చూసి అందరూ ఇది మర్చిపోతారు. ‘మాంబో నంబర్ 5’ మళ్లీ వినండి, ఈసారి హెడ్‌ఫోన్స్‌తో. సాక్సోఫోన్లు కిందిస్థాయిలో, అందరూ ఒకే స్వరం మీద, ఆఫ్‌బీట్ల మీద, అంటే తాళం దెబ్బల మధ్యలో, తొక్కుతూ ఒక చక్రంలా తిరుగుతుంటాయి. ట్రంపెట్లు పైస్థాయిలో, ఒక్కోసారి వాయిద్యం చివరి అంచుల్లో, కత్తిలా వచ్చి కోసి వెళ్లిపోతాయి. మధ్యస్థాయి దాదాపు ఖాళీ. మామూలుగా అరేంజర్లు మధ్యలో హార్మనీ నింపి ఒళ్లు గుండ్రంగా చేస్తారు. ఈయన అక్కడ ఖాళీ వదిలేశాడు. ఆ ఖాళీలో బాంగో, కాంగా డప్పులు, తింబాల్ డ్రమ్ముల వాళ్లు కొట్టే గంట స్పష్టంగా వినబడతాయి, డాన్స్ చేసేవాడి కాలికి పట్టు దొరుకుతుంది. బ్యాండ్‌లో సాధారణంగా ట్రాంబోన్ ఒక్కటే. దాని పని పాడటం కాదు, బరువైన స్వరంతో ఒక్కో చోట గుద్ది ఆగడం.

వాయించేవాడి వైపు నుంచి చెప్తే, ఆ పైస్వరాలు మామూలు టెన్షన్ కాదు. పెదవి అలసిపోతుంది, వరసగా నాలుగు ట్యూన్లు వాయిస్తే స్వరం పగులుతుంది. అందుకే ఆయన బ్యాండ్‌లో ట్రంపెట్లు నాలుగైదు ఉండేవి. ఇంకో సంగతి కూడా గమనించాలి. ఇదంతా కాగితం మీద రాసి ఉంది. క్యూబా లయ ఒంటికి పట్టనివాడైనా, నోట్స్ చదవగలిగితే తన భాగం తాను వాయించగలడు. లయ తెలిసిన డప్పుల వాళ్లు ఇద్దరు ముగ్గురుంటే చాలు. ఇది ఆయనకు ఎంత ఉపయోగపడిందో 1951లో తేలింది. అమెరికా పశ్చిమ తీరానికి టూర్ వెళ్తే అక్కడి సంగీతకారుల యూనియన్ నిబంధనల వల్ల తన మెక్సికో బ్యాండ్‌ను తీసుకెళ్లడం కుదరలేదు. లాస్ ఏంజెలస్‌లో స్థానిక వాద్యకారుల్ని పెట్టుకుని, కాగితాలు చేతికిచ్చి, స్టేజీ ఎక్కించేశాడు. హాళ్లు కిక్కిరిసిపోయాయి.

మరి గంతులు ఎందుకంటే, నా లెక్కలో అవి సగం ప్రదర్శన, సగం తాళం వేయడం. పొట్టి మనిషి, చిన్న గడ్డం, ఎత్తు మడమల బూట్లు. మెక్సికో జనం ముద్దుగా ‘సీల్ మొహం వాడు’ అని పేరు పెట్టారు. ట్రంపెట్లు రావాల్సిన చోట కాలు విసురుతాడు, గుద్ది ఆగాల్సిన చోట ఒళ్లంతా కుదించి దూకుతాడు. ఆ అరుపు కూడా చాలా రికార్డుల్లో ‘దీలో!’ అనే మాటే. స్పానిష్‌లో ‘చెప్పు దాన్ని!’ అని బ్యాండ్‌ను ఎగదోయడం. మైకుకు దూరంగా, గొంతు బిగించి అనేసరికి జనానికి ‘అహ్’ అన్న మూలుగులా వినబడి, అదే ఆయన ముద్ర అయింది. ఇవన్నీ కొత్త వాద్యకారులకు సైగలు, కొత్త ప్రేక్షకులకు పాఠం. మాంబో ఎన్నడూ చూడని ఊళ్లో కూడా, ఎక్కడ కాలు వెయ్యాలో స్టేజీ మీది మనిషిని చూసి పట్టేసేవాళ్లు.

అంతమాత్రాన ఆయన్ని డాన్సర్ అనేస్తే అసలు డాన్సర్లకు అన్యాయం. ఆ మెక్సికో సినిమాల్లో ‘రుంబేరా’లు అనే నాట్యతారలు ఉండేవారు, వాళ్లలో పెద్ద పేర్లు క్యూబా అమ్మాయిలవే. నినోన్ సెవియా, మరియా ఆంతోనియెతా పోన్స్, రోసా కార్మీనా హవానా వాళ్లు. అమాలియా అగిలార్‌ది ప్రాడో ఊరే, మాతాన్సాస్. 1951లో ఎమీలియో ఫెర్నాందెజ్ తీసిన ‘విక్తిమాస్ దెల్ పెకాదో’లో నినోన్ సెవియా కథానాయిక, ప్రాడో తన బ్యాండ్‌తో తానుగానే కనిపిస్తాడు. ఆ సినిమా దొరికితే వాళ్లిద్దరి తేడా చూడండి. ఆమె లయను ఒంట్లోకి తీసుకుని తనదిగా తిప్పుతుంది. ఆయన లయను బయటికి చూపిస్తాడు. రెండూ వేరు విద్యలు. పరాయి దేశంలో క్యూబా నాట్యం అంటే జనం కళ్లముందు మెదిలింది ఆ అమ్మాయిలే. వాళ్ల పేర్లు ఇవాళ ప్రాడో పేరంత వినబడకపోవడం నాకు ఎప్పుడూ కొంచెం బాధగానే ఉంటుంది.

మెక్సికోను ఆయన బుట్టలో వేసుకున్న తీరు కూడా గమ్మత్తైనది. ఊరి జనానికి తలా ఒక మాంబో రాసిచ్చాడు. టాక్సీవాళ్ల కోసం ఒకటి, పాలిటెక్నిక్ విద్యార్థుల కోసం ఒకటి, వాళ్లకు పోటీ అయిన జాతీయ విశ్వవిద్యాలయం వాళ్ల కోసం ఇంకొకటి. రెండు కాలేజీల మధ్య ఫుట్‌బాల్ వైరం ఉన్న ఊళ్లో ఇరుపక్షాలకీ పాట అమ్మిన తెలివి అది! 1951లో పెరూలో మాంబో జ్వరం ఎంతదాకా పోయిందంటే, లీమాలోని క్యాథలిక్ మతపెద్ద, కార్డినల్, ఈ నాట్యం చేసేవాళ్లకు పాపక్షమ ఇవ్వనని ప్రకటించాడు. డాన్స్ బ్యాండ్‌కు అంతకన్నా పెద్ద ప్రచారం ఏముంటుంది.

అంత మచ్చిక చేసుకున్న మెక్సికో 1953 అక్టోబర్‌లో ఆయన్ని దేశం నుంచి పంపేసింది. జాతీయగీతాన్ని మాంబోగా మార్చి వాయించాడు, అందుకే తరిమేశారు అని ఒక కథ ఇప్పటికీ తిరుగుతుంది. అలాంటి రికార్డింగ్ ఏదీ ఎవరూ చూపించలేదు. పని అనుమతి కాగితాల గొడవ అని ఒక కథనం, థియేటర్ల వాళ్లతో పేచీ అని మరొకటి. పరాయి గడ్డ మీద ఎంత పేరున్నా, కాగితం ఒకటి తక్కువైతే పరిస్థితి ఏమిటో గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లిన మనవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

దాంతో అమెరికా. అక్కడ అప్పటికే న్యూయార్క్ పల్లాడియం బాల్‌రూమ్‌లో మాచీతో, టీటో పుయెంతే, టీటో రోద్రిగెస్ బ్యాండ్లు మాంబోను ఏలుతున్నాయి. ఇక్కడ ఒక పాత తగాదా ఉంది. న్యూయార్క్ పక్షం వాళ్లు ప్రాడోది పల్చన చేసిన సరుకు అంటారు. మాచీతో బ్యాండ్‌లో లయల మీద లయలు, జాజ్ సోలోలు, కింద నాట్యం చేసేవాళ్లు రెండో బీట్ మీద కాలు మార్చే నిపుణులు. ప్రాడో దగ్గర అంత పొరలు లేవన్నది నిజమే. నాకైతే ఇంట్లో కూర్చుని వినడానికి మాచీతోనే ఇష్టం. కానీ మాచీతో బ్యాండ్‌కు ఆ హాలు, ఆ క్యూబా-పోర్టోరికో జనం కావాలి. ప్రాడో సంగీతానికి తెలియని ఊరు చాలు.

అమెరికాలో ఆయన పైకెక్కిన మెట్టు 1955. ఫ్రెంచి స్వరకర్త లూయీగీ ట్యూన్ ‘చెర్రీ పింక్’ జేన్ రస్సెల్ నటించిన ఒక సినిమాలో వచ్చి, బిల్‌బోర్డ్ అనే అమెరికా హిట్ పాటల పట్టికలో 10 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. అందులో బిల్లీ రీజిస్ ట్రంపెట్ ఒక స్వరాన్ని పట్టి, కిందికి జార్చి, మళ్లీ పైకి లాగుతుంది. పెదవి వదులు చేసి స్వరాన్ని వంచే పని అది. కొత్తగా నేర్చుకునే ప్రతి పిల్లాడూ చేసి చూస్తాడు, పది మందిలో తొమ్మిది మంది వంచాక తిరిగి సరైన స్వరం మీద దిగలేరు. 1958లో ‘పత్రీషియా’ మళ్లీ మొదటి స్థానానికి వెళ్లింది. ఇందులో ట్రంపెట్ల స్థానంలో ఆర్గన్ ముందుకొచ్చింది. రెండేళ్లకు ఇటలీ దర్శకుడు ఫెలీని దాన్ని తన సినిమా ‘లా దోల్చె వీతా’లో వాడుకున్నాడు. గమనించండి, ఈ రెండూ అసలు మాంబో కాదు. వేగం తగ్గింది, అంచులు అరిగాయి. అమెరికా ఆయన్ని నెత్తిన పెట్టుకుంది గానీ పదును తీసి పెట్టుకుంది. ‘వూడూ సూట్’ లాంటి పెద్ద రచనలు చేసి తను డాన్స్ ట్యూన్ల మనిషి మాత్రమే కాదని చూపించాలనుకున్నాడు. వాటిని అడిగి కొన్నవాళ్లు తక్కువ.

జపాన్ మాత్రం మొత్తంగా పడిపోయింది. 1956లో ఆయన అక్కడికి వెళ్లేసరికే కుర్రకారు ‘మాంబో ప్యాంటు’ అని సన్నటి ప్యాంట్లు వేసుకు తిరుగుతున్నారు. బొంబాయి, మద్రాసు సినిమా ఆర్కెస్ట్రాల్లో బాంగో, మరాకాస్ ఆ దశకంలో మామూలు సామానైపోవడానికీ ఈ లాటిన్ గాలి ఒక కారణం.

తర్వాత రాక్ అండ్ రోల్ వచ్చింది, పెద్ద బ్యాండ్ల ఖర్చు భరించేవాళ్లు తగ్గారు. 1964లో మెక్సికో మళ్లీ రానిచ్చింది. 1980లో అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. 1987లో హాలీవుడ్ పల్లాడియంలో ఒక కచేరీ చేస్తే హాలు నిండింది. 1989 సెప్టెంబర్ 14న మెక్సికో సిటీలో పోయాడు. 1995లో ఒక బీరు ప్రకటన పుణ్యాన ఆయన ‘గ్వాల్యోనే’ బ్రిటన్ పట్టికలో రెండో స్థానం దాకా వెళ్లింది. 1999లో లూ బేగా వచ్చాడు. పాత ట్యూన్ మీద కొత్త మాటలు కట్టినప్పుడు హక్కులు ఎవరివన్నది కోర్టులో చాలా ఏళ్లు నలిగింది.

వినడం ఎక్కడ మొదలుపెట్టాలంటే, ‘చెర్రీ పింక్’తో వద్దు. 1949 నుంచి 1951 దాకా మెక్సికోలో చేసిన రికార్డింగులు ముందు వినండి: ‘కే రీకో ఎల్ మాంబో’, ‘మాంబో నంబర్ 5’, ఆయన అంకెలు లెక్కపెడుతూ అరిచే ‘మాంబో నంబర్ 8’. తర్వాత బెనీ మోరేతో చేసిన ‘అనబాకోవా’, ‘పచీతో ఎచే’. ఆ పైన పక్కనే మాచీతో పెట్టి పోల్చుకోండి. వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. ప్రాడో తమ్ముడు పాంతలియోన్ యూరప్‌లో స్థిరపడి, పెరెజ్ ప్రాడో అనే పేరుతోనే బ్యాండ్ నడిపాడు. అన్నదమ్ములు కోర్టుకెక్కారు కూడా. 1983లో తమ్ముడు చనిపోతే పత్రికలు అన్న పోయాడని వేశాయి. అందుకని రికార్డు యూరప్‌లో చేసిందై, ట్రంపెట్లు మెత్తగా వినబడితే, కొనేముందు ఆ కవరు మీద దామాసో అని ఉందో లేదో చూసుకోండి.